కిటికీ వైపు చెవి

"కుడి, కుడి, కుడి" అన్నాడు దంతం.

మైకుకు వినపడింది మాత్రం "గుడి". పరాయి దేశంలో, పచ్చిక తప్ప పురుగు కనపడని పెద్దరోడ్డు మీద గుడి ఎక్కడుందా అని నాలుగు దిక్కులూ చూస్తూ, కనపడితే ఒక దండం పడేద్దామన్నంత భక్తితో కారును తిన్నగా పోనిచ్చాడు. తిరగవలసిన దారి తన దారిన తాను వెనక్కి వెళ్ళిపోయింది. ఆ రోడ్లలో ఒక మలుపు తప్పితే ఇంకో మలుపు దొరకడం ఇంకో జన్మ ఎత్తినంత పని.

"గుడి ఏదిరా?" అన్నాడు మైకు.

"దేవుడికే తెలియాలి" అన్నాడు వెనక సీట్లోంచి పన్ను.

నలుగురూ ఒకప్పుడు ఒకే హాస్టల్ గదిలో దొర్లినవాళ్ళు. యాభై దాటాక ఇళ్ళల్లో సెలవు చీటీలు పెట్టుకుని, పరదేశంలో అద్దెకారెక్కారు. దంతం పళ్ళ డాక్టరు, పన్ను పన్నుల ప్లీడరు. ఒకడు పన్ను పీకి ఫీజు పుచ్చుకుంటాడు, ఇంకొకడు ఫీజు పుచ్చుకుని పన్ను తప్పిస్తాడు. ఇద్దర్నీ పన్ను అనే పిలిస్తే ఎవరు పలకాలో తెలియక ఇద్దరూ పలికేవారు, అందుకని డాక్టర్ని దంతం చేశారు. మూడోవాడు కాలేజీలో లెక్కలు చెబుతాడు కనుక లెక్కలు. నాలుగోవాడు మైకు, డబ్బింగ్ థియేటర్లో సౌండ్ ఇంజనీరు. నటుడు డైలాగుకు ముందు మింగిన గుటకను కూడా పట్టుకుని చెరిపేసే చెవి అతనిది. జీతం మనిషికి కాదు, ఆ చెవికి ఇచ్చేవారు.

అది రెండు చెవులూ పనిచేసిన రోజుల మాట. పోయిన వానాకాలంలో ఒక పొద్దున అతను లేచేసరికి కుడిచెవి దుకాణం కట్టేసింది. ఇక తెరుచుకోదన్నాడు చెవి డాక్టరు. నొప్పి లేదు, ఏడుపూ రాలేదు. పన్ను పీకేముందు సూది వేస్తే మన పెదవి మనది కానట్టు ఉంటుందే, అలా ఆ పక్కనున్న లోకమంతా ఎవరిదో అయిపోయింది. భార్యతో జలుబన్నాడు. థియేటర్లో కుర్చీ కాస్త వంకరగా వేసుకున్నాడు. కుడి స్పీకరు సంగతి వచ్చినప్పుడల్లా అసిస్టెంటును "నీకెలా ఉంది?" అని అడిగేవాడు. ఇంత పెద్దాయనకు ఎంత వినయమో అనుకున్నారు అంతా. వినయమే, వినలేనివాడి వినయం. సంగతి యజమాని దాకా వెళితే ఆ కుర్చీ వంకరగా కూడా మిగలదు. ఆ యజమానికి పన్నుల వ్యవహారాలు చూసేది మన పన్నే.

అందుకే ఈ ప్రయాణంలో కారు తనే నడుపుతానని పట్టుబట్టాడు మైకు. సొంత ఊళ్ళో డ్రైవరు కూర్చునేది కుడిపక్క. చచ్చిన చెవి కిటికీకి, బతికిన చెవి మనుషులకి. ఇంతకాలం ఆ ఏర్పాటే అతన్ని కాపాడింది. తీరా అద్దెకారు తలుపు తీసి చూస్తే, ఈ దేశంలో స్టీరింగు ఎడమపక్క. బతికిన చెవి కిటికీ పాలు, చచ్చిన చెవి స్నేహితుల పాలు. అప్పటికే తాళాలు చేతికొచ్చాయి. ఇప్పుడు వద్దంటే ఎందుకొద్దో చెప్పాలి.

గుడి దర్శనం కాకుండానే చుట్టు తిరిగి సరైన దారి పట్టేసరికి దంతం విసిగిపోయాడు. దారి చెప్పే ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి వెనక్కి పోయాడు, ముందు సీట్లోకి లెక్కలు వచ్చాడు. భోజనాలయ్యాక వెనకవాళ్ళిద్దరూ నోళ్ళు తెరిచి నిద్రపోయారు. పెద్ద లారీలు అటూ ఇటూ ఒరుసుకుంటూ పోతున్నాయి. ఆ హోరులో కుడిపక్కన ఏదో గొణుగుడు మొదలైందని మైకు పసిగట్టాడు. రోడ్డు మీంచి చూపు తిప్పే వీల్లేదు. కొసకంటికి లెక్కలు చెయ్యి ఒకటి ముందుకు చాపడం కనపడింది. దూరంగా పెద్దరోడ్డు బోర్డు. ఓహో, అది ఎక్కుదామంటున్నాడు కాబోలు అనుకున్నాడు.

"మంచిదేరా. ముందే చెయ్యాల్సిన పని. వీళ్ళు లేచాక అందరికీ చెబుదాంలే" అన్నాడు.

గొణుగుడు ఆగిపోయింది. సందేహం తీరిందనుకున్నాడు మైకు. పెట్రోలు బంకు దగ్గర లెక్కలు మాటా పలుకూ లేకుండా దిగి వెనక సీట్లో మూలకు ఒదిగాడు.

సాయంత్రం ఇంకా ఎండ ఉండగానే బస చేరారు. అద్దెకిచ్చే చిన్న ఇల్లు, వంటింట్లో గుండ్రటి బల్ల, సింకు పైన గోడకు తగిలించిన కప్పులు. లెక్కలు అటు తిరిగి, శుభ్రంగానే ఉన్న కప్పుల్ని మళ్ళీ కడుగుతున్నాడు. పన్ను బల్ల దగ్గర మైకుకు ఎదురుగా కూర్చున్నాడు. కోర్టులో గొంతు పెంచేవాడు ఇక్కడ తగ్గించాడు. వాడు ఈ సంగతి మాకెవ్వరికీ చెప్పకుండా ముందు నీకే చెప్పుకున్నాడు, అని మొదలుపెట్టాడు.

"'మా ఆవిడ వాళ్ళన్నయ్య దగ్గరికి వెళ్ళిపోయిందిరా, ఇక రానంది' అని వాడంటే, మంచిదే, ముందే చెయ్యాల్సిన పని అన్నావట. పైగా అందరికీ చెబుదామన్నావట. ఇదేం మాటరా?"

మైకు తన లోపలికి చూసుకున్నాడు. ఆ ఇంట్లో ఎన్నిసార్లు భోంచేశాడో, ఆ చెల్లెమ్మ ఎన్నిసార్లు కొసరి వడ్డించిందో గుర్తొచ్చింది. గుర్తయితే వచ్చింది గాని దాని వెనక ఏదీ రాలేదు. సిగ్గు రావాలి, రాలేదు. జాలి రావాలి, అదీ రాలేదు. మైకుకు మైకం కమ్మినట్టు అంతా మొద్దుబారి ఉంది. ఒక్క లెక్క మాత్రం చురుగ్గా తేలింది. ఏదో చిరాకులో అనేశానురా అంటే సరిపోతుంది. రాతిగుండె అంటారు. అననీ, రాతిగుండె ఉన్నందుకు ఏ యజమానీ ఉద్యోగం పీకడు. ఆ మాట అనడానికి నోరు కూడా తెరిచాడు.

ఈలోగా లెక్కలు వెనక్కి తిరక్కుండానే అన్నాడు.

"వదిలెయ్యండిరా. మైకు ఊరికే అనడు. ఇన్నాళ్ళూ మా ఇంటికి వస్తూ పోతూ ఉన్నాడు, ఏదో చూసే ఉంటాడు. ఆవిడ వెళ్ళడమే మంచిదేమో. తిరిగి రమ్మని అడగనులే."

మైకు తెరిచిన నోరు తెరిచినట్టే ఉండి, అందులోంచి వేరే మాట వచ్చింది.

"నాకు కుడిచెవి వినపడదురా."

పన్ను నవ్వబోయాడు. చెవిలో పువ్వు పెడుతున్నాడనుకున్నాడు. దంతం నవ్వలేదు. లేచి మైకు కుడిపక్కకు వెళ్ళి, వెనకగా నిలబడి మెల్లగా ఏదో అన్నాడు. మైకు ఎదురుగా ఉన్న పన్ను మొహమే చూస్తున్నాడు. పన్ను మొహంలో నవ్వు మెల్లగా దిగిపోవడం చూసి, దంతం తనను ఏదో అడిగాడని అర్థం చేసుకున్నాడు.

"మీ ఓనరుకి..." అని ఆగాడు పన్ను.

"తెలీదు. ఆయనే కదా నిన్ను రోజూ పిలిచేది. చెబుతావో మానుతావో నీ ఇష్టం."

పన్ను ఏమీ అనలేదు. ప్లీడరు ఏమీ అనకపోతే అది అవునో కాదో ఎవరికీ తెలియదు.

లెక్కలు తడిచేతులతో వచ్చి బల్ల దగ్గర నిలబడ్డాడు. అతనికి ఏ లెక్కయినా మొదటి మెట్టు నుంచి కావాలి. మొదటి నుంచీ చెప్పరా అన్నాడు. మైకు కప్పులు తెప్పించి బల్ల మీద పెట్టాడు.

"ఇది నేను. మన ఊళ్ళో కార్లో నాకు ఇటుపక్క కిటికీ, అటుపక్క మీరు. వినపడని చెవి కిటికీకి పోయేది, ఎవరికీ తేడా తెలిసేది కాదు. ఇక్కడ తిరగబడింది. పొద్దున వీడు కుడి అంటే గుడి అని వినపడింది. నువ్వు మాట్లాడినప్పుడు అదీ లేదు. చెయ్యి చాపావు కదా, పెద్దరోడ్డు ఎక్కుదామంటున్నావనుకున్నా. మంచిదే అన్నది రోడ్డునిరా."

"చెయ్యి చాపింది వాళ్ళన్నయ్య ఊరు ఎంత దూరమో చెప్పడానికి" అన్నాడు లెక్కలు.

 తన కప్పును వేలితో కొంచెం జరిపాడు, మళ్ళీ అక్కడికే తెచ్చాడు.

"అంటే, మన ఊళ్ళో అయితే కిటికీ ఉండే చోట కూర్చుని చెప్పానన్నమాట."

"అంతే. ఒక్క ముక్కా వినలేదు. చెల్లెమ్మ సంగతి నాకేమీ తెలీదురా."

లెక్కలు తలూపాడు. దంతానికి ఇంకా ఒకటి అర్థం కాలేదు, అలాంటప్పుడు కారు నేనే నడుపుతానని ఎందుకు పోట్లాడావురా అని, ఈసారి ఎడమపక్కకు వచ్చి అడిగాడు. మైకు మళ్ళీ కప్పులు సర్దుకుని, తలుపు తీసేదాకా స్టీరింగు ఎటుందో చూసుకోలేదని మొదటి నుంచీ చెప్పాడు.