రెక్కకు వదిలిన నాలుగంగుళాలు

గాలి దేవుడు ఊరికే ఇచ్చాడు కదా, దానికి మనిషి డబ్బులు పుచ్చుకోవడం పాపం కాదా అన్న అనుమానం దర్జీకి ఏళ్ల తరబడి ఉంది. పొద్దున్నే దండం పెట్టుకునేటప్పుడు ఒకటి రెండుసార్లు దేవుణ్ణే అడిగాడు. ఆయన ఏమీ అనలేదు. పదహారేళ్ల కూతురు గ్లైడర్ నడపడం నేర్చుకుంటానని పట్టుబట్టాక ఆ అనుమానం మళ్లీ తలెత్తింది.

గ్లైడర్ అంటే ఇంజను లేని విమానం. నేలమీది యంత్రం ఒకటి పొడవాటి తాడును గిరగిరా చుట్టుకుంటూ దాన్ని గాలిపటంలా పైకి లాగుతుంది. తాడు వదిలేశాక ఇక గాలే దిక్కు. ఇంజనే లేనిదానికి అంత రుసుమెందుకని దర్జీ గొణిగాడు. ఒక్కసారి ఎగిరితే రెండు రోజుల కుట్టుకూలి హరీ. అలాంటివి నలభై అయితేగాని పిల్లను ఒంటరిగా ఎగరనివ్వరట. భార్య వేళ్లమీద లెక్క వేసి, దాన్ని మేఘాల్లోకి పంపేసరికి మనం రోడ్డు మీదికొస్తామని తేల్చేసింది. కూతురు రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు ఒక దారి పట్టుకొచ్చింది.

గ్లైడర్లు నేర్పే క్లబ్బులో ఒక పద్ధతి ఉంది. పద్దెనిమిది నిండని పిల్లల ఇంటివాళ్లు క్లబ్బుకు ఏదైనా పని చేసిపెడితే, ఆ ఏడాది పిల్ల ఎగిరిన రుసుమంతా అందులో చెల్లిపోతుంది. ఒకరి తండ్రి గడ్డి కోస్తాడు, ఇంకొకరి పిన్ని చిట్టాలు రాస్తుంది. దర్జీ వంతుకు, బయట నిలిపే గ్లైడర్ రెక్కలకు ఎండావానా తగలకుండా గుడ్డ తొడుగులు కుట్టే పని వచ్చింది. పని బాగుంటేనే చెల్లు అని, ఎగరడం నేర్పే పెద్దావిడ ముందే చెప్పింది.

దర్జీ టేపు మెడలో వేసుకుని వెళ్లి, రెక్కను చంక దగ్గర్నుంచి మణికట్టు దాకా కొలిచాడు. ముప్పై ఏళ్లుగా బడిపిల్లల యూనిఫాంలు కుట్టిన చెయ్యి అది. ఏ కొలతకైనా నాలుగంగుళాలు కలిపి కత్తెర వెయ్యడం దాని అలవాటు. పిల్లలు పెరుగుతారు, గుడ్డ పెరగదు. ఆ చెయ్యి రెక్కకూ కలిపేసింది.

తొడుగులు వేసిన పూట అందరూ కుట్టును మెచ్చుకున్నారు. అంతలో గాలి లేచింది. తొడుగుల్లోకి దూరి వాటిని దిండ్లలా ఉబ్బించింది. తాళ్లతో కట్టేసిన గ్లైడర్, తల్లి పిలుపు విన్న లేగదూడలా గెంతడం మొదలుపెట్టింది. గడ్డి కోసే ఆయన, చిట్టాల పిన్ని చెరో రెక్క పట్టుకుని వేలాడారు. దర్జీ తోక పట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

ఎలాగో తొడుగులు ఊడబీకాక పెద్దావిడ దర్జీ వైపు తిరిగింది.

"మాస్టారూ, ఇంత వదులు ఎందుకు పెట్టారు?"

"పెరిగే వయసు కదమ్మా," అన్నాడు దర్జీ అలవాటుకొద్దీ. అనేసి నాలిక్కరుచుకున్నాడు.

ఆవిడ గ్లైడర్ వంక చూసింది. "ఇది నాకంటే రెండేళ్లే చిన్నది," అంది.

సాయంత్రంలోగా సరిచేస్తే సరి, లేకపోతే ఈ ఏడాదికి పిల్లకు ఇంతే అని కూడా అంది. దర్జీ గడ్డిలోనే చతికిలబడ్డాడు. కూతురు గుడ్డ బిగించి పట్టుకుంటే, మిగులంతా లోపలికి మడిచి కుట్టుకుంటూ పోయాడు. వేళ్లకు పొడుచుకున్న సూదిపోట్లకు లెక్కలేదు. పొద్దు వాలేసరికి తొడుగులు రెక్కలకు చర్మంలా అతుక్కున్నాయి. మళ్లీ గాలి వచ్చింది, పైనుంచి జారిపోయింది. పెద్దావిడ వేలు దూర్చబోయింది. దూరలేదు. పిల్లను రమ్మని సైగ చేసి, ఇంకో గ్లైడర్ ఎక్కించుకుంది.

తాడు లాగింది. పిల్ల పైకి వెళ్లిపోయింది. మెడ నొప్పెట్టేదాకా చూసి, దర్జీ తన పాత అనుమానాన్ని యంత్రం నడిపే మనిషి ముందు పెట్టాడు.

"గాలికి ఎవడు తీసుకుంటాడండీ?" అన్నాడతను నూనె చేతులు తుడుచుకుంటూ. "పైన ఎంతసేపుంటే అంతసేపూ ఊరికే. తీసుకునేదల్లా ఈ తాడుకీ, లాగే యంత్రానికీను."

దర్జీకి తన పెళ్లికి ముందు సంగతి ఒకటి గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి. సైకిల్ షాపాయన గాలి కొడుతూ చిల్లర అడిగితే, దేవుడి గాలికి డబ్బులేమిటని వాదించి, పైసా ఇవ్వకుండా తొక్కుకుంటూ వచ్చేశాడు. అప్పట్నుంచీ ఆ వీధి మొహం చూడకుండా చుట్టు తిరిగే పోతున్నాడు.

ఆ సాయంత్రం కూతురు ఆకాశం కబుర్లు ఆపకుండా చెబుతుంటే, ఆమెను ఆ వీధిలోంచే తీసుకొచ్చాడు. షాపులో ముసలాయన ఇంకా ఉన్నాడు. దర్జీ రెండు నాణేలు ఆయన ముందు పెట్టి, ఆనాటి రెండు టైర్లకు అన్నాడు.

ముసలాయన ఎగాదిగా చూశాడు. "నువ్వా? గాలి దేవుడిదన్నావు కదయ్యా."

"గాలి ఆయనదే. కొట్టింది మీరు."

ముసలాయన ఒక నాణెం తీసుకుని, రెండోది వెనక్కి నెట్టాడు.

"ముందు టైరుకే కొట్టాను. వెనకదాని దగ్గరికి వచ్చేలోపే నువ్వు దేవుణ్ణి తీసుకొచ్చావు."