చిలకపిల్ల పిలిస్తే లేచే చేతులు

పొద్దున్న ఏడు, మధ్యాహ్నం పన్నెండు, సాయంత్రం అయిదు, రాత్రి తొమ్మిది. ఈ నాలుగు వేళలూ చిలకపిల్లవి. ఆ ఇంటి కూతురు వాటిని కాగితం మీద రాసి వంటింటి తలుపుకి అంటించింది. ఆమె కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తుంది. వెంట్రుకవాసి తేడా ఉన్నా పట్టుకునే మనిషి. అలాంటిది నెల రోజుల పక్షిపిల్ల చేతికొచ్చేసరికి ఆమెకి కాళ్లూ చేతులూ ఆడలేదు. దుకాణానికి వచ్చే ఒకావిడ చిలకల్ని పెంచుతుంది. ఆవిడే "దీనికి ఇంకా తినడం రాదు, నోట్లో పెట్టాలి, అంతే" అని అట్టపెట్టె చేతిలో పెట్టి వెళ్లిపోయింది. ఆ "అంతే"లో ఎంతుందో తర్వాత తెలిసింది.

పొడిని వేడినీళ్లలో జావలా కలపాలి. మరీ వేడిగా ఉంటే పిల్ల గొంతు కింది సంచి కాలిపోతుంది, చల్లారిపోతే అరగదు. థర్మామీటరు నలభై చూపించాక జావని సూది లేని సిరంజిలోకి లాగి, ముక్కుకి ఎడమ పక్కనుంచి మెల్లగా నొక్కాలి. సంచి ఉసిరికాయంత ఉబ్బగానే ఆపేయాలి. అది ఖాళీ అయిందని వేలితో తడిమి చూసుకున్నాకే మళ్లీ పెట్టాలి. రోజూ పొద్దున్నే బరువు తూచాలి. పక్షుల డాక్టరమ్మ ఇవన్నీ చెబుతుంటే కూతురికి చెమటలు పట్టాయి.

"మనుషుల పిల్లల్ని పెంచడమే నయమేమోనండీ."

"వాళ్లు పాతికేళ్లొచ్చినా మానరు. ఇది మూడు నెలలకి మానేస్తుంది," అంది డాక్టరమ్మ.

ఇంట్లో ఉండేది ఇద్దరే, ఆమె, వాళ్ల నాన్న. నాన్న నలభై ఏళ్లు దుకాణాల బోర్డులు రాశాడు. ఎంత ఎత్తయినా సరే, నిచ్చెన కాస్త పట్టుకోమని ఎవరినీ అడిగి ఎరగడు. కిందటేడు జబ్బు చేసి కుడిచెయ్యి పడిపోయింది. మాట బాగానే ఉంది కానీ ఆ మాటతో ఎవరినీ ఏదీ అడగడు. ఎడమచేత్తో చెంచా పట్టుకుని, తిన్నంత తిని, తిన్నదానికి రెట్టింపు ఒలకబోసుకునేవాడు. "నేను పెడతాను నాన్నా" అంటే పళ్లెం పక్కకి జరిపేసేవాడు. మనిషి చిక్కి సగమయ్యాడు, చొక్కాలన్నీ వదులైపోయాయి. కూతురికి పగలూ రాత్రీ అదే దిగులు.

చిలకపిల్ల మొదటిసారి గట్టిగా పిలిచింది ఆ నాన్న ఎదుటే. మెడ చాచి, తల పైకీ కిందకీ ఊపుతూ, తుప్పు పట్టిన తలుపు బందులా కిర్రుమంటూ పిలిచింది. కూతురి చెయ్యి ఆమె అనుకోకుండానే సిరంజితో దాని ముక్కు దగ్గరికి పోయింది. కిటికీ పక్క కుర్చీలో, ఏడాదిగా కదలని నాన్న కుడిచెయ్యి లేచింది. పళ్లెంలో బ్రెడ్డు ముక్క తీసుకుని తిన్నగా ఆయన నోటికి వెళ్లింది. ఆయన నమిలాడు, మింగాడు.

"బ్రెడ్డు ఎండిపోయింది," అన్నాడు.

కాసేపటికి పై వాటాలో ఉండే బస్సు డ్రైవరు భార్య దిగి వచ్చింది. మొగుడూ పెళ్లాలు నాలుగు రోజులుగా మాట్లాడుకోవడం లేదు, ఆవిడ అలిగి ఆ పూట తినలేదు కూడా. "మీ పిల్లకి ఆకలేసే వేళ ముందే చెప్పు తల్లీ. మా ఆయన పచ్చిమిరపకాయ తరుగుతున్నాడు, అది తెచ్చి నా నోట్లో పెట్టాడు," అంది మూతి తుడుచుకుంటూ. తలుపు మీది వేళలు చదివి, వాటిని తన అరచేతి మీద రాసుకుని వెళ్లింది.

ఎవరికీ ఇందులో వింతేమీ కనబడలేదు. చిలకపిల్ల పిలిస్తే, విన్నవాళ్ల చేతికి తినేదేది అందితే అది, దగ్గర్లో ఆకలిగా ఉన్న నోటికి వెళ్తుంది, అంతే. ఆ వేళకి అందరూ చేతుల్లో మిరపకాయలు లేకుండా చూసుకునేవారు. నాన్న మాత్రం ఏడింటికీ పన్నెండింటికీ అయిదింటికీ తొమ్మిదింటికీ పళ్లెం ఒళ్లో పెట్టుకుని పిలుపు కోసం కూర్చునేవాడు. నెల తిరిగేసరికి ఆయన బుగ్గలు పూడాయి. ఇటు పిల్లనీ అటు నాన్ననీ చూసుకుంటూ కూతురు లోపల్లోపల మురిసిపోయేది.

చిలకకి ఈకలు నిండుగా వచ్చాక డాక్టరమ్మ కొత్త పాఠం మొదలుపెట్టింది. వెడల్పాటి పళ్లెంలో ఉడికిన బఠాణీలు, మొక్కజొన్న గింజలు, ఆపిల్ ముక్కలు పెట్టండి. ముందు విసిరేస్తుంది, తొక్కుతుంది, ఆడుతుంది, ఆడనివ్వండి. ఆకలితో మాడ్చకండి, తొందరపెట్టకండి. సిరంజి చూసి మొహం తిప్పుకుంటే ఆ పూట మానేయండి. "సొంతంగా తినడం వచ్చాక ఆ పిలుపు కూడా పోతుంది. మీకూ ప్రాణం హాయిగా ఉంటుంది," అంది.

పిలుపు పోతుందన్న మాటకి కూతురికి పళ్లెం ఒళ్లో పెట్టుకుని కూర్చునే నాన్న గుర్తొచ్చాడు.

అయినా పళ్లెం పెట్టింది. చిలక బఠాణీని కాలితో ఎత్తి, తిప్పి చూసి, ముక్కుతో చిదిమింది. ఆ మధ్యాహ్నం సిరంజి చూడగానే మొహం తిప్పుకుంది, పిలవలేదు. నాన్న చెయ్యి లేవలేదు. పళ్లెంలో బ్రెడ్డు అలాగే ఉండిపోయింది. మర్నాడు కూతురు చేసిన పని ఎవరికీ చెప్పుకోలేనిది. గింజల పళ్లెం తీసి అలమర పైన పెట్టేసింది. చిలక ఆకలికి తాళలేక గొంతు చించుకుని పిలిచింది, నాన్న కడుపునిండా తిన్నాడు. అలా రోజూ చేసింది. "ఇంకా చిన్నదేలే" అని తనకి తనే సర్దిచెప్పుకుంది.

చిలకకి మూడు నెలలు దాటాయి. తూకంలో చిలక తగ్గుతూ వచ్చింది. డాక్టరమ్మ దాని రొమ్ము ఎముక తడిమి చూసి కళ్లెర్రజేసింది.

"ఈ వయసుకి గింజ కొరకడం రాకపోవడమేంటమ్మా? ఇంకొన్నాళ్లు పోతే ఇక నేర్చుకోదు. మీరు ఊరెళ్లినా, మంచం పట్టినా ఇది చచ్చిపోతుంది."

కూతురు ఆ మాటలు దిగమింగుకుని ఇంటికొచ్చింది. నాన్న కిటికీ దగ్గర కూర్చున్నాడు.

"ఆ పళ్లెం దించు," అన్నాడు.

"ఏ పళ్లెం నాన్నా?"

"నేను కళ్లు మూసుకున్నానని అలమర మీద పెడుతున్నావే, అది."

ఆమె దొరికిపోయిన దొంగలా నిలబడింది. తర్వాత ఏడుపూ కోపమూ కలిసి తన్నుకొచ్చాయి. "అది అడగడం మానేస్తే నువ్వు తినవు కదా! నేను పెడితే తినవు కదా! నన్నేం చెయ్యమంటావు మరి?"

"నా చెయ్యి కోసం దాని నోరు కట్టేస్తావా?" అన్నాడు నాన్న. గొంతు పెంచలేదు. ఆమె పళ్లెం దించింది.

ఆ తర్వాత ఇల్లంతా బఠాణీలే. చెప్పుల్లో బఠాణీలు, కళ్లజోడు డబ్బాలో బఠాణీలు. చిలక పక్కన ఎవరైనా తింటూ ఉంటే చూసి నేర్చుకుంటుందని డాక్టరమ్మ చెబితే, డ్రైవరు భార్య రోజూ వచ్చి దాని ఎదురుగా కూర్చుని మొక్కజొన్న నమిలేది. "నాకు పళ్లు అరిగాయి గానీ దీనికి బుద్ధి రాలేదు," అనేది. మూడు వారాలకి బుద్ధి వచ్చింది. ఒక గింజ పగిలింది, తర్వాత పది పగిలాయి. ఒక్కో పూటా తగ్గుతూ తగ్గుతూ, ఒకరోజు నాలుగు వేళలూ పిలుపు లేకుండా గడిచిపోయాయి. తూకం నిలబడింది. డాక్టరమ్మ సిరంజి ఇక దాచేయమంది.

నాన్న చెయ్యి ఒళ్లో పడి ఉంది. మొదటి రోజు ఎడమచేత్తో సగం బ్రెడ్డు తిన్నాడు. రెండో రోజు కప్పు పాలు తాగాడు. "పెట్టనా నాన్నా?" అంటే వద్దని తల అడ్డంగా ఊపాడు. చిలక మాత్రం ఆయన భుజమెక్కి కూర్చుని, తన గింజలు తను తింటూ, ఎందుకు తినడం లేదా అన్నట్టు ఆయన నోటికేసి చూస్తూ ఉండేది.

మూడో రోజు మధ్యాహ్నం కూతురు వంటింట్లో ఉడికిన బంగాళాదుంపలు ముక్కలు చేస్తుంటే పిలుపు వినిపించింది. అదే కిర్రుమనే గొంతు. చిలక మళ్లీ మొదటికొచ్చిందా అనుకునేలోపే ఆమె చెయ్యి ముక్కతో సహా లేచి ఆమెని గదిలోకి లాక్కుపోయింది.

చిలక నాన్న భుజం మీద ఉంది. ఒక కాలిలో సగం కొరికిన మొక్కజొన్న గింజ ఉంది. దాని నోరు మూసే ఉంది. పిలుస్తున్నది నాన్న.

కళ్లు గట్టిగా మూసుకుని, మెడ చాచి, తల పైకీ కిందకీ ఊపుతూ పిలుస్తున్నాడు. తన చెయ్యి లేస్తుందనే మొదలుపెట్టాడేమో. లేవలేదు. పిలిచేవాళ్లని కాదు, వినేవాళ్లనే కదిలించే పిలుపు అది. ఆ సంగతి ఆయనకీ అర్థమయ్యే ఉంటుంది. అయినా నోరు మూయలేదు. పై వాటాలో కుర్చీ జరిగిన చప్పుడు, మెట్ల మీద హడావిడిగా అడుగులు వినిపించాయి.

అందరికంటే ముందు చిలకకే అందింది ఆ నోరు. గింజ పట్టుకున్న కాలు మెల్లగా చాచి ఆయన పెదవుల మధ్య పెట్టింది. ఒకరు తాగిన గ్లాసు ముట్టుకోని మనిషి ఆ ఎంగిలి గింజని నమిలి మింగాడు. కళ్లు తెరిచాడు. గుమ్మంలో బంగాళాదుంప ముక్కతో చెయ్యి చాచుకుని కూతురు నిలబడి ఉంది. ఆమె చెంపలు తడిసిపోయాయి.

"అక్కడే నిలబడ్డావేంటే?" అన్నాడు నాన్న. "ఆకలేస్తోంది. పెట్టు."