ఇంటి ముందు కాలవ

సిలాసు, జీవరత్నం తెనాలి దగ్గర ఒకే పేటలో, మురిక్కాలవకి అటూ ఇటూ ఎదురెదురు ఇళ్లలో పెరిగారు. ఆయన ఢిల్లీలో ప్రభుత్వ కార్యాలయంలో డ్రాఫ్ట్స్‌మన్, ఆమె ఆసుపత్రిలో నర్సు. పెళ్లయిన కొన్నేళ్లకి, 1976లో, ఢిల్లీ పక్కనే ఫరీదాబాద్‌లో ఇల్లు కట్టుకున్నారు.

స్థలం పల్లం. మొదటి వానకే ముంగిట్లో మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. ఇటుకలతో కాలవ కట్టి రోడ్డువైపు వాలు ఇస్తే చాలన్నాడు మేస్త్రీ.

"ఇంటి ముందు మురిక్కాలవా? దానికోసమేనా ఇంతదూరం వచ్చింది?" అన్నాడు సిలాసు. "చిల్లుల పైపు పూడ్చి, చుట్టూ కంకర పోయిద్దాం. పైన పచ్చగడ్డి."

"ఇది బంకమట్టండీ. పైపు పూడుకుపోతే ఎవరికి తెలుస్తుంది? కాలవైతే కంటికి కనపడుద్ది, చీపురుతో లాగేసుకోవచ్చు" అంది జీవరత్నం.

"డ్రాయింగులు గీసేది నువ్వా నేనా?"

రెండేళ్లు పచ్చిక బాగానే పెరిగింది. చర్చివాళ్లు మెచ్చుకున్నారు. 1978 వానలకు పైపులో బురద చేరి గట్టిపడింది. మూడు రోజులైనా నీళ్లు కదల్లేదు. నాలుగో రోజు గడప దాటి లోపలికొచ్చాయి. పిల్లల పుస్తకాలు, బియ్యం డబ్బా, ఆమె కుట్టుమిషను తడిసిపోయాయి. సిలాసు మంచం మీద కూర్చుని తను గీసిన పైపు డ్రాయింగు చూసుకుంటున్నాడు.

జీవరత్నం డ్యూటీ నుంచి వచ్చి, చీర ఎగదోపి గునపం పట్టింది.

"జనం చూస్తున్నారు, లోపలికి రా!"

"చూడనీండి."

పచ్చిక మధ్యనుంచి రోడ్డుదాకా తవ్వింది. సాయంత్రానికి ఇంట్లో నీళ్లన్నీ బయటికి పోయాయి. తర్వాత తనే మేస్త్రీని పిలిచి ఇటుకలు పరిపించింది. ఇంట్లోకి మళ్లీ నీళ్లు రాలేదు.

క్రిస్మస్‌కు ఆయన పై అధికారి శేషగిరి భోజనానికి వచ్చాడు. గేటు దగ్గరే ఆగాడు.

"ఇదేంటి సిలాసూ, చక్కటి లాన్‌లో ఈ కాలవ?"

సిలాసు నవ్వాడు. "మా ఆవిడ పట్టుదల సార్. చిన్నప్పట్నించీ ఆవిడకి అలాంటి చోట్లే అలవాటు."

గుమ్మంలో మంచినీళ్ల గ్లాసులతో నిలబడి ఉంది జీవరత్నం. గ్లాసులు అందించింది. వడ్డించింది. కూర బాగుందని శేషగిరి అంటే థాంక్స్ చెప్పింది.

మర్నాడు ఆసుపత్రికి వెళ్లి రాత్రి డ్యూటీ వేయమని రాసిచ్చింది. ఆమె వచ్చేసరికి ఆయన ఆఫీసుకు బయల్దేరేవాడు, ఆయన వచ్చేసరికి ఆమె బస్సెక్కేది. పదకొండేళ్లు అలాగే గడిచాయి. ఎందుకని సిలాసు ఒక్కసారీ అడగలేదు.