ఏది నొక్కితే కొలతలు ఉంటాయి?

మా బాబాయి దర్జీ. ఎదుటివాడి చొక్కా మీద కన్ను పడితే చాలు, కుట్టు ఎక్కడ వంకర పోయిందో చెప్పకుండా ఉండలేడు. పెళ్లికొడుకునైనా వదలడు. అలాంటి మనిషి నేను పనిచేసిన సాఫ్ట్‌వేర్ గురించి మాత్రం మూడేళ్లుగా ఒక్కటే మాట: "బ్రహ్మాండంగా ఉందమ్మడూ." కస్టమర్ల కొలతలు దాచుకోవడానికి మా కంపెనీ దర్జీల కోసం చేసిన ప్రోగ్రాం అది. ఆ పొగడ్తకు నేనూ పొంగిపోయేదాన్ని. కాకి పిల్ల కాకికి ముద్దని అప్పుడు తోచలేదు.

మొన్నొక శనివారం చెప్పకుండా కొట్టుకి వెళ్లాను. బాబాయి ఒకాయన మెడ కొలిచి, నోటుపుస్తకంలో రాసుకుంటున్నాడు. నన్ను చూడగానే పుస్తకాన్ని గుడ్డల కిందికి తోసేశాడు. కంప్యూటర్ మీద లైనింగ్ గుడ్డ కప్పి ఉంది. తీసి ఆన్ చేస్తే, మా ప్రోగ్రాం తెరుచుకోకుండా, కొత్త వెర్షన్‌ని ఎక్కించే ఇన్‌స్టాలర్ వచ్చి మొదటి పేజీ దగ్గరే నిలబడింది.

"ఎప్పట్నుంచి ఇలా?"

"ఎనిమిది నెలలయిందేమో."

పేజీ మీద మూడు ఆప్షన్లు. టిపికల్, కస్టమ్, ఓవర్‌రైట్. భోజనానికి లేచే తొందరలో నేనే రాసి పడేసినవి.

"ఏది నొక్కితే కొలతలు ఉంటాయో, ఏది నొక్కితే పోతాయో తెలీలేదమ్మడూ," అన్నాడు నేల చూస్తూ. "పద్నాలుగు వందల మందివి. అవి పోతే కొట్టు మూసుకోవడమే. అందుకే ముట్టుకోలేదు."

"మరి నాతో ఒక్క మాట అనలేదేం?"

"కష్టపడి చేశావు కదా. నీ మనసు చిన్నబోతుందని."

నాకు ఒళ్లూ మండింది, ఏడుపూ వచ్చింది. ఇంకా ఎన్ని కొట్లలో నా పేజీ ఇలా ముసుగు తన్ని పడుకుందో!

"నువ్వు నా కస్టమర్‌వి బాబాయ్. కస్టమరే మొహమాటపడితే దర్జీ గతేంటి?"

అది తగలాల్సిన చోటే తగిలింది. బాబాయి కళ్లజోడు సవరించుకున్నాడు.

"అయితే విను. చొక్కా కుట్టమని వచ్చినవాణ్ని, చంక దగ్గర కోత ఎంత లోతుండాలని అడుగుతానా? చేతులు పైకెత్తే పనా, కుర్చీలో కూర్చునే పనా అని అడుగుతా. కోత సంగతి నేను చూసుకుంటా. నువ్వేమో కోత సంగతి నన్నడుగుతున్నావు!"

బల్ల మీది బ్రౌన్ పేపర్ లాక్కుని ఆయన సుద్దముక్కతోనే రాశాను. 'నా కొలతలన్నీ అలాగే ఉంచి, కొత్త సౌకర్యాలు చేర్చు.' 'వేరే కంప్యూటర్‌కు మారుతున్నాను, కొలతలు కూడా తీసుకురా.' 'అన్నీ చెరిపేసి మొదటి నుంచి మొదలుపెట్టు. చెరిపినవి మళ్లీ రావు.'

మూడోదాన్ని రెండుసార్లు చదివాడు. "రావన్న ముక్క ముందు చెప్పు. గుడ్డ కోశాక జాగ్రత్త అంటే ఎవడికి లాభం? మొదటిది చాలామందికి సరిపోతుందంటే అదీ రాయి. పక్కన అడగడానికి ఎవరూ ఉండరు కదా."

సోమవారం మా మేనేజరు ఆ కాగితం చూసి నవ్వాడు. చదివాక నవ్వడం మానేశాడు. మరుసటి శనివారానికి కొత్త ఇన్‌స్టాలర్ తీసుకుని మళ్లీ కొట్టుకి వెళ్లాను.

ముందే కొలతలకు కాపీ తీసి పెట్టాను. ఆ మాట చెప్పినా బాబాయి ముఖం పాలిపోయే ఉంది. నేను నొక్కుతానంటే మాత్రం ఒప్పుకోలేదు. పేజీ అంతా పెదవులు కదుపుతూ చదువుకుని, మొదటిది తనే నొక్కాడు. పని ఎంతవరకు వచ్చిందో చూపే గీత తెర మీద నిండేదాకా ఇద్దరమూ దాన్నే చూశాం. కొలతల జాబితా తెరుచుకుంది. పద్నాలుగు వందల మందీ ఉన్నారు. పైనుంచి కింది దాకా ఒక్కొక్క పేరూ చూసుకునే దాకా ఆయన కుర్చీలోంచి లేవలేదు.

ఇక బ్రహ్మాండం అంటాడేమోనని భయపడ్డాను. అనలేదు. కాలితో ఒక స్టూలు నా వైపు తోశాడు.

"కూర్చో. మూడేళ్లుగా నోరు కట్టుకుని దాచిపెట్టిన వంకలు ఇంకో పదకొండున్నాయి."

కూర్చున్నాను. నా జన్మలో ఎవరి దగ్గరా అంత ఇష్టంగా తిట్లు తినలేదు.