పెంకుల హోటలు నాయర్

కోయంబత్తూరు పీలమేడులో మిల్లు గేటుకు ఎదురుగా ఉన్న పెంకుల హోటల్లో కేశవన్‌ను అందరూ నాయర్ అని పిలిచేవారు. అతను నాయర్ కాదు. పాలక్కాడు ఎటువైపు ఉందో కూడా అతనికి సరిగా తెలియదు. కోవిల్పట్టి పక్కన నల్లరేగడిలో పత్తి పండించే తెలుగు ఇల్లు వాళ్ళది. వానలు మొహం చాటేసి, భూమి నెర్రెలు విచ్చిన ఏట, పెళ్ళాం తంగాన్నీ చంటిబిడ్డనూ దిండిగల్ దగ్గర పుట్టింట్లో వదిలి బతుకుతెరువుకు బయలుదేరాడు. ఇంట్లో పెట్టిన పేరు చెన్నకేశవన్. ముందు సగం రైలెక్కేటప్పుడే పోయింది. మిగిలిన సగం విని కోయంబత్తూరు వాళ్ళు మలయాళీ అనుకున్నారు. అనుకోనీ అని అతనూ ఊరుకున్నాడు.

ఊరుకోవడానికి కారణం ఉంది. అది మదురైలో పుట్టింది.

కేశవన్ మొదట పని నేర్చింది మదురైలో, అక్కడా ఒక మిల్లు పక్కనే. వేలికొకటి చొప్పున ఐదు లోటాలు పట్టుకొని నడవడం అక్కడే నేర్చాడు. కృష్ణరాజ్ అని ఒక నూలు దళారి రోజూ వచ్చి, కాఫీ తాగి, చల్లార్చుకునే గిన్నె డవరా కింద ఒక అణా పెట్టి పోయేవాడు. ఒకరోజు కేశవన్ ఊరినుంచి వచ్చిన మనిషితో తెలుగులో మాట్లాడుతుంటే ఆయన చెవిన పడింది. అంతే, లేచి వచ్చి రెండు చేతులూ పట్టేసుకున్నాడు.

"అడ పావీ! నువ్వు మన తెలుంగోడివా? ముందే చెప్పకూడదా? మనోడికి పోయి ఇన్నాళ్ళు కాసు పెట్టి అవమానం చేసినానే!"

అని, డవరా కింద పెట్టిన అణాను తీసి మళ్ళీ తన జేబులో వేసుకున్నాడు. ఆ రోజు నుంచి అణా లేదు. బదులుగా "బాగుండావా తంబీ, ఇంట్లో అందరూ సుకమా" అనే పలకరింపు వచ్చింది. ఆయన మాట విని మిగతా తెలుగువాళ్ళూ అదే దారి పట్టారు. పరాయివాడికి కాసిస్తే మర్యాద, మనవాడికి ఇస్తే అవమానం. వాళ్ళ మనసులో మాత్రం రవ్వంత కల్మషం లేదు.

అందుకే కోయంబత్తూరు వచ్చాక కేశవన్ తెలుగును మూట కట్టి పెట్టెలో పెట్టేశాడు.

ఆ రోజుల్లో పీలమేడులో గడియారం చూసే పని లేదు. మిల్లు శంఖు, అదే సైరను, ఊదితే పొయ్యి వెలిగేది, శంఖు ఊదితే బిడ్డలకు అన్నం పెట్టేవారు. షిఫ్టు విడవగానే గేటులోంచి మనుషులు వచ్చేవారు. నల్లజుట్టు మీద తెల్లగా దూది పీచు, ముప్పైఏళ్ళ వాళ్ళందరూ ముసలివాళ్ళలా కనిపించేవారు. వాళ్ళు తల దులుపుకుంటే పీచు ఎగిరి కాఫీలో పడేది. ఎవరూ పట్టించుకునేవారు కాదు, ఊది తాగేసేవారు. చికోరీ వాసన, నూనె వాసన, చెమట వాసన కలిసి ఆ హోటలుకు తనదైన ఒక గాలి ఉండేది. ఇప్పటికీ ఎక్కడైనా తడిగుడ్డ వాసనా కాఫీ వాసనా కలిసి వస్తే కేశవన్ ఒక్క క్షణం ఆగిపోతాడు.

పనిలో చేరిన రోజున హోటలు సొంతదారు ముదలాళి జీతం సంగతి ఒక్క ముక్కలో తేల్చేశాడు. "సంబళం పన్నెండు రూపాయలు. రెండు పూటలా సాపాడు. మిగతాది నీ మొహంలో ఉంది, నవ్వి సంపాదించుకో" అన్నాడు.

కేశవన్ నవ్వడం చేతకాని మనిషి. కానీ చెయ్యి మాత్రం వేగం. అడక్కుండానే నీళ్ళు పెట్టేవాడు. ఎవరికి చట్నీ కారంగా ఉండాలో, ఎవరి కాఫీలో చక్కెర తక్కువో గుర్తుంచుకునేవాడు. డవరా కింద కాసు కనిపిస్తే తడిగుడ్డతో బల్ల తుడిచేవాడు. కాసు గుడ్డలోకి, గుడ్డలోంచి మొలలోకి పోయేది.

ఎప్పుడైనా నిజం మలయాళీ ఎవడైనా వచ్చి "నాట్టిలెవిడె?" అని ఊరు అడిగితేనే చిక్కు. అప్పుడు లోపలినుంచి వంటమనిషి శంకరన్ "నాయరే, కొబ్బరి తురుము!" అని అరిచేవాడు. శంకరన్ అసలు పాలక్కాడు మనిషి. గుట్టు తెలిసింది ఆయన ఒక్కడికే. కొబ్బరి తురుముతూ కేశవన్ దాక్కుంటే, ఆయనే బయటికి పోయి తన దేశస్థుడితో రెండు మాటలు మాట్లాడి పంపేవాడు. "నీ వల్ల రోజూ చట్నీలో కొబ్బరి ఎక్కువవుతోంది. ముదలాళి నన్ను తరిమేస్తాడు చూడు" అనేవాడు.

ఆ హోటల్లో అందరికంటే పెద్దచెయ్యి పెరియసామి మేస్త్రీది. స్పిన్నింగులో మేస్త్రీ. బుర్రమీసాలు, పెద్దగొంతు. ఆయనా తెలుగువాడే. ఆయన బల్ల చుట్టూ కూర్చునే బక్క ఫిట్టరూ మిగతా నలుగురూ తెలుగువాళ్ళే. వాళ్ళు తెలుగులో అన్నీ మాట్లాడుకునేవారు. ఎవరి పెళ్ళాం ఎవర్ని తిట్టిందో, ఎవరు ఎవరికి కల్లు పోయించారో కేశవన్‌కు అన్నీ తెలుసు. మొహంలో మాత్రం ఏమీ కనిపించనిచ్చేవాడు కాదు.

"ఏమి మేస్త్రీ, రోజూ వీడికి రెండణాలు పెడతావు? నాయర్‌కి ఇల్లు కట్టిస్తాండావా?" అని ఫిట్టర్ ఎగతాళి చేసేవాడు.

"పోరా. వేళకి ముందరికి తెచ్చి పెడతాడు. నీ పెళ్ళాం పెడతాదా అట్ల?"

కేశవన్ నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పరిగెత్తేవాడు.

ఇల్లు కట్టించడం కాదు గాని, కేశవన్‌కు నిజంగానే ఒక గది కావాలి. మిల్లు వెనక లైను ఇళ్ళలో ఒక గది ఖాళీ అయింది. అడ్వాన్సు కార్తీకం లోపల కడితే నీకే అని ఇంటామె మాట ఇచ్చింది. హోటల్లో బల్లల మీద పడుకునే మనిషి పెళ్ళాన్ని ఎక్కడికని తెచ్చుకుంటాడు? జీతం దిండిగల్ పంపడానికే సరి. గది రావాలంటే డవరాల కిందనుంచే రావాలి.

అంతలో బావమరిది నల్లసామి, పొల్లాచ్చి కొబ్బరి సంతకు పోతూ హోటలుకు వచ్చాడు. కేశవన్ అతణ్ణి గబగబా పెరట్లోకి తీసుకుపోయాడు. నల్లసామి కాఫీ తాగి, లోటా కింద పెట్టి, నేల చూస్తూ అన్నాడు.

"బావా, తప్పుగా అనుకోవద్దు. నీ కూతురికి మాటలొచ్చినాయి. నన్ను నాయనా అంటాది. మేము ఎంత చెప్పినా వినదు. తంగం అక్క ఆ మాట విన్నప్పుడల్లా లేచి లోపలికి పోతాది."

కేశవన్ కిందికి వంగాడు. లోటా తీసి కడిగాడు. కడిగిన లోటానే మళ్ళీ కడిగాడు.

కార్తీకానికి ముందు వచ్చే ఐప్పసి నెలలో పెరియసామి మేస్త్రీ వాళ్ళ అమ్మ చిన్నత్తాయి ఊరినుంచి వచ్చింది. కొడుకు ఆమెను హోటలుకు తీసుకొచ్చి, మధ్య బల్ల దగ్గర కూర్చోబెట్టి, మెదువడ తెప్పించాడు. ముసలామె వడ నోట్లో పెట్టుకొని, మాట్లాడుతూ తింటూ ఉంటే పొలమారింది. కళ్ళు తేలేసింది. మేస్త్రీ కంగారుగా లేచేలోపలే కేశవన్ చేతిలో లోటాలు బల్లమీద పడేసి, ఆమె నడినెత్తిన తట్టాడు.

"మెల్లగా అవ్వా, మెల్లగా. ఎవరో తలుచుకుంటాండారు."

ముసలామె నీళ్ళు తాగింది. ఊపిరి పీల్చుకుంది. బల్ల చుట్టూ ఉన్న ఫిట్టరూ మిగతావాళ్ళూ కేశవన్ వైపు తిరిగి చూశారు. కేశవన్ చెయ్యి ఇంకా ఆమె తలమీదే ఉంది. అప్పుడు తెలిసింది అతనికి, తన నోట్లోంచి ఏ మాట వచ్చిందో.

ఫిట్టర్ మొహం పాలిపోయింది. ఇన్నాళ్ళూ తను ఏమేమి వాగాడో గుర్తు చేసుకుంటున్నట్టుంది. ముసలామెకు మాత్రం పట్టరాని సంతోషం.

"ఏ ఊరు రా నాయనా నీది?"

"కోవిల్పట్టి పక్కన, అవ్వా."

"ఎవరి ఇంటోడివి?"

చెప్పాడు. ఇక దాచి ఏం లాభం? ఆమె వేళ్ళు మడుస్తూ, కళ్ళు మూసుకొని, పెళ్ళిళ్ళూ చావులూ అన్నీ తిరిగివచ్చింది. "అడిడా! మీ అమ్మమ్మ నాకు చిన్నాయన కూతురు కదరా! అట్లయితే నువ్వు నాకు మనవడివి. పెరియసామీ, నీకు మేనల్లుడు రా వీడు!"

"మాప్పిళ్ళే! అల్లుడా!" అంటూ మేస్త్రీ కేశవన్ వీపు మీద చరిచాడు. "కడుపులో కత్తి పెట్టుకొని తిరిగినావు కదరా ఇన్నాళ్ళు! మా మాటలన్నీ విని నవ్వుకున్నావా?"

పోయేటప్పుడు అలవాటుగా డవరా కింద రెండణాల బిళ్ళ పెట్టాడు. ముసలామె చూసింది. "మనవడికి కాసిస్తావా? సిగ్గులేదు?" అని దాన్ని తీసి కొంగున ముడి వేసుకుంది. మేస్త్రీ నాలుక కరుచుకున్నాడు.

మర్నాటినుంచి ఆ బల్ల మీద, తెలుగువాళ్ళు కూర్చునే పక్క బల్ల మీద, దాని పక్క బల్ల మీద డవరాల కింద ఏమీ లేదు. "ఏమి మాప్పిళ్ళే", "ఏమప్పా కేశవా" అనే పిలుపులు మాత్రం పుట్టెడు. కేశవన్‌కు ఆ పిలుపులు చేదు కాదు. రెండేళ్ళ తర్వాత హోటల్లో సొంత భాషలో ఎవరైనా పిలిస్తే చేతిలో పని వదిలి అటు తిరిగేవాడు. కానీ తడిగుడ్డతో బల్ల తుడిస్తే గుడ్డ తేలిగ్గా వచ్చేది. కార్తీకం దగ్గర పడుతోంది. లైను ఇంటామె వేరే ఎవరికో గది చూపిస్తోందని శంకరన్ చెప్పాడు.

ఒక మధ్యాహ్నం షిఫ్టు విడిచినప్పుడు కేశవన్ సైకిలు షెడ్డు దగ్గర కాచుకొని ఉన్నాడు. మేస్త్రీ తల దులుపుకుంటూ వచ్చాడు.

"మామా, ఒక మాట."

"ఏమి మాప్పిళ్ళే?"

"నన్ను మళ్ళా నాయర్‌ని చేసేయండి."

మేస్త్రీకి అర్థం కాలేదు. కేశవన్ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. గది సంగతి చెప్పాడు. కూతురు ఎవర్ని నాయనా అంటున్నదో చెప్పాడు. మేస్త్రీ మొహం ఎర్రబడింది.

"ఓస్, ఇంతేనా! అడ్వాన్సు నేను కడతా రా. మామను కదా, నాకు చెప్పకుండా ఎవరికి చెప్తావు?"

"వద్దు మామా. మీరిస్తే అది మీ దయ. డవరా కింద ఉండేది నా పని."

మేస్త్రీ మీసం దువ్వాడు. సైకిలు స్టాండు తీశాడు, మళ్ళీ వేశాడు. "నోటితో మాప్పిళ్ళే అని పిలిచి చేత్తో కాసు ఎట్ల పెట్టేది రా? నాకు చెయ్యి రాదు" అన్నాడు. ఇంకేమీ అనకుండా సైకిలెక్కి వెళ్ళిపోయాడు. ఉన్న బంధుత్వం కూడా పాడు చేసుకున్నానని కేశవన్ అనుకున్నాడు.

మర్నాడు పొద్దున శంఖు ఊదింది. మేస్త్రీ తన బల్ల మనుషులతో లోపలికి వచ్చి కూర్చున్నాడు. కేశవన్ వైపు చూడలేదు. కప్పు ఎగిరిపోయేలా తమిళంలో అరిచాడు.

"నాయర్! రెండు ఇడ్లీ, ఒరు వడై! సీక్రం!"

కేశవన్ నిలుచున్నచోటే నిలబడిపోయాడు.

"ఎన్న నాయర్, కాదు కేక్కలయా?" అన్నాడు ఫిట్టర్, చెవుడా అన్నట్టు. అతని పెదవులు వణుకుతున్నాయి, నవ్వు ఆపుకోవడానికి. మిగతావాళ్ళు ఒకరి తర్వాత ఒకరు "నాయర్ తణ్ణి", "నాయర్ చట్నీ" అని మొదలుపెట్టారు. లోపలినుంచి శంకరన్ గరిటె పట్టుకొని బయటికి వచ్చి చూసి, తల కొట్టుకొని మళ్ళీ లోపలికి పోయాడు.

వాళ్ళు లేచి వెళ్ళాక ప్రతి డవరా కిందా కాసు ఉంది.

చిక్కు ముసలామెతో వచ్చింది. ఊరికి తిరుగు ప్రయాణానికి ముందు కొడుకుతో ఇంకోసారి వచ్చింది. "మనవడా, ఎట్ల ఉండావు?" అని చెయ్యి చాచింది.

"అమ్మా, వాడు కాదు" అన్నాడు మేస్త్రీ గంభీరంగా. "మన కేశవన్ ఊరికి పోయినాడు. వీడు నాయర్."

"మతి పోయిందా నీకు? మొన్న నా నెత్తిన తట్టినోడు కదా!"

"వాడి మాదిరి ఉంటాడు. అంతే."

చిన్నత్తాయి కొడుకు మొహం చూసింది. బల్ల చుట్టూ దించుకున్న తలలు చూసింది. చివరికి కేశవన్‌ను చూసింది. అతను రెండు చేతులా లోటాలు పట్టుకొని, కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేక అట్లాగే నిలబడి ఉన్నాడు.  ఆమె నిదానంగా కొంగు ముడి విప్పింది. మొన్నటి రెండణాల బిళ్ళ అందులోనే ఉంది. దాన్ని డవరా కింద పెట్టి, వచ్చీరాని తమిళంలో అంది.

"ఇందా నాయర్. పెండాట్టిని కూట్టిట్టు వా."

పెళ్ళాన్ని తెచ్చుకో అని. గది సంగతి కొడుకు ఇంట్లో చెప్పినట్టున్నాడు. ఆ మాటకు తెలుగు అవసరం లేకపోయింది.

కార్తీకంలో తంగం వచ్చింది. బిడ్డ మొదట్లో కేశవన్‌ను చూసి ఏడ్చేది. తర్వాత నాయనా అంది. మేస్త్రీ లైను ఇంటికి వచ్చినప్పుడు మాప్పిళ్ళే అనేవాడు, రోడ్డు దాటి హోటల్లో అడుగు పెట్టగానే నాయర్ అనేవాడు. ఆయన బతికి ఉన్నన్నాళ్ళూ ఒక్కసారి కూడా తప్పలేదు.

ఏళ్ళు గడిచాయి. మేస్త్రీ పోయాడు, పెంకుల హోటలు పోయింది, మిల్లుల్లో ఒక్కొక్కటిగా శంఖులు ఆగాయి. తలనెరిసిన కేశవన్ ఒకరోజు తంగాన్ని కంటి డాక్టరు దగ్గరికి ఆర్.ఎస్. పురం తీసుకుపోయి, తిరిగి వస్తూ ఒక హోటల్లో కూర్చున్నాడు. నలభై దాటిన మనిషి వచ్చి నీళ్ళు పెట్టాడు. అవసరమైనదానికంటే పెద్ద గొంతుతో "ఎన్న వేణుం?" అన్నాడు. యంత్రాల మోతలో పనిచేసినవాళ్ళకు గొంతు తగ్గదు. పనికి కొత్త, లోటా పట్టుకోవడం ఇంకా రాలేదు. కాఫీ తెస్తూ వేలు కాల్చుకొని, నోట్లో నోట్లోనే "అబ్బా, కాలిపాయ" అనుకున్నాడు.

తంగం చెవులు నిక్కాయి. నోరు తెరిచింది. కేశవన్ బల్ల కింద ఆమె కాలు తొక్కాడు. తర్వాత తమిళంలోనే ఇంకో కాఫీ అడిగాడు, చక్కెర తగ్గించమన్నాడు. లేచేటప్పుడు డవరా కింద నోటు మడిచి పెట్టాడు. ఆ మనిషి తడిగుడ్డతో రావడం చూసి గబగబా బయటికి నడిచాడు.

"కాలు చితికిపోయింది" అంది తంగం వీధిలోకి వచ్చాక. "మనోడు మాదిరి ఉండాడు గదా, ఏ ఊరని ఒక మాట అడిగితే ఏమి పోతాది?"

"అడిగితే మనోడైపోతాడే" అన్నాడు కేశవన్.