వానలో నురగలెత్తిన జట్టు

మా వదిన కోసారా మా ఊరి ఫుట్‌బాల్ జట్టు బట్టలు ఉతకడం మొదలుపెట్టేనాటికి నాకింకా పెళ్ళి కాలేదు. అప్పట్లో తొట్టిలో నానబెట్టి, బండసబ్బు పట్టించి, గరుకు పలక మీద వేసి చేత్తో రుద్దేది. మా లిపోవిత్స మైదానం మొరావా నది పక్కనే ఉంటుంది. కుర్రాడొకడు జారిపడ్డాడంటే తొడల దాకా నల్లమట్టే. ఆ మట్టిని వదిలించగల మనిషి ఊళ్ళో తానొక్కతేనని వదినకు గర్వం. నిజమే కాబట్టి ఎవరూ కాదనేవాళ్ళు కాదు.

కిందటి వేసవిలో క్లబ్బు వాళ్ళు చందాలేసుకుని ఆమెకు కొత్త వాషింగ్ మెషిన్ కొనిచ్చారు. చర్చి ఎదురుగా దుకాణం నడిపే బుదిమీర్, ఊదారంగు లిక్విడ్ సబ్బు పెద్ద డబ్బాలు కొన్ని ఊరికే పంపించాడు. మూత తీస్తే ఇల్లంతా లావెండర్ వాసన. వదిన ఆ డబ్బా మూతనే గ్లాసులా పట్టుకుని, అంచుదాకా నింపి, నేరుగా బట్టల మీద కుమ్మరించేది. మురికి ఎక్కువుంటే ఇంకో మూత. చివర్లో డబ్బాను అలాగే వంచి, "ఇదిగో, దిష్టికి ఇంకో గుక్క" అనేది. జట్టు బట్టలన్నీ ఒకేసారి కుక్కి, మోకాలితో నెట్టి తలుపు మూసేది. అన్నిటికన్నా త్వరగా ఉతికేసే మీట నొక్కేది.

"అంత పొయ్యాలా వదినా?" అని ఒకసారి అడిగాను.

"లుబింకా, నీ ఇంట్లో నీ మొగుడొక్కడే. ఇక్కడ జట్టు జట్టంతా చెమట. కావాలంటే ముక్కు దగ్గర పెట్టుకుని చూడు, నీకే తెలుస్తుంది" అంది.

నేను మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

ఎండాకాలం గడిచేసరికి జెర్సీలు అట్టల్లా బిగుసుకున్నాయి. పొద్దున ఉతికి ఆరేసిన బట్ట, ఆట సగమయ్యేసరికి పుల్లటి కంపు కొట్టేది. ఆ మాట కోచ్ అనేసరికి వదిన ముఖం ఎర్రబడింది. సబ్బు చాలడంలేదనుకుని మరికాస్త పోయడం మొదలుపెట్టింది. ఆ ఏడాది శరత్కాలం కూడా పొడిగానే వచ్చింది. చినుకన్నది లేదు.

అక్టోబరులో ఒక ఆదివారం గ్రాబొవో జట్టు మా ఊరొచ్చింది. ఆ ఊరికీ మాకూ పెళ్ళి సంబంధాలున్నాయిగానీ, బంతి కనబడితే చాలు బావమరుదులు కూడా ఒకరి గొంతు ఒకరు పట్టుకుంటారు. నేనూ వదినా గీతకు దగ్గరగా బల్ల మీద కూర్చున్నాం. కాచిన రేగుసారా ఫ్లాస్కు మా మధ్యన ఉంది. మొదటి సగంలో ఎవరికీ గోలు పడలేదు. రెండో సగం మొదలైన కాసేపటికి ఆకాశం చిల్లు పడ్డట్టు వాన దిగింది.

ముందుగా చూసింది మా వెనక కూర్చున్న స్రెడోయె తాత.

"ఒసేయ్ కోసారా, ఆ పిల్లాడి చంకలో అదేమిటే? దూదా?"

ఆయన చూపించింది గ్వోజ్దెన్‌ని. మా జట్టులో గోల్స్ కొట్టేది వాడే. మా వీధి చివర రదోయ్కాకి ఒక్కగానొక్క కొడుకు. చొక్కా చిరిగి లోపలి బనీను బయటికొచ్చిందేమో అనుకున్నాను. వాడు పరుగెత్తాడు. ఆ తెల్లటిది పెద్దదైంది. చంక నుంచి పక్కలకు పాకింది. భుజాల మీద లేచింది. తొడలు రాసుకునేచోట ముద్దలు ముద్దలుగా పొంగి మోకాళ్ళ మీదికి జారింది. అప్పటికి మిగతావాళ్ళని చూశాను. మా గోల్‌కీపరు, మా డిఫెండర్లు, అందరూ అంతే. గడ్డం గీయించుకోడానికి కూర్చున్నవాడి బుగ్గల్లా ఉన్నాయి వాళ్ళ ఒళ్ళు. పరుగెత్తినప్పుడల్లా తెల్లటి తుంపరలు గాల్లోకి ఎగిరి గడ్డి మీద పడుతున్నాయి.

ఎవరో ఆడమనిషి గుండెల మీద శిలువ గుర్తు వేసుకుని కేకపెట్టింది.

"విషం! గ్రాబొవో వాళ్ళు మన పిల్లలకేదో తాగించారు!"

"మేమా?" అని వాళ్ళ కెప్టెన్ రిఫరీ మీదికి ఉరికాడు. "అయ్యా, చూడండి! వీళ్ళు ఒంటికి సబ్బు రాసుకొచ్చారు! పట్టుకుంటే చేపల్లా జారిపోతున్నారు! ఇదేం ఆటండీ?"

రిఫరీ ఈల నోట్లో పెట్టుకున్నాడుగానీ ఊదలేదు. ఏం తప్పుకింద ఊదాలో ఆయనకీ తెలియలేదనుకుంటాను. ఆ గందరగోళంలోనే బంతి గ్వోజ్దెన్ కాళ్ళ దగ్గరికొచ్చింది. వాడు దాన్ని తీసుకుని గోలు వైపు దూసుకుపోతూ, ముఖం మీది వాననీళ్ళు తుడుచుకుందామని మోచేతి బట్టతో కళ్ళు రుద్దుకున్నాడు.

అంతే. వాడి తల వెనక్కి విరిగినట్టయింది. కళ్ళు గట్టిగా మూసుకుపోయాయి. అయినా కాలు ఆగలేదు. బంతిని తన్నాడు, తన్నిన ఊపులోనే నేరుగా వెళ్ళి గోలు స్తంభానికి నుదురు కొట్టుకున్నాడు. ఆ చప్పుడు మా బల్ల దాకా వినిపించింది.

వాడు బురదలో పడి రెండు చేతులతో కళ్ళు మూసుకున్నాడు. కనుబొమ్మ చిట్లి, తెల్లటి నురగలోంచి ఎర్రగా కారుతోంది. "కనపడట్లేదు! అమ్మా, నాకేం కనపడట్లేదు!" అని అరుస్తున్నాడు.

రిఫరీ పరుగెత్తుకెళ్ళి వాడి పక్కన మోకాళ్ళమీద కూర్చున్నాడు. భుజం మీది నురగ వేలితో తీసి, రెండు వేళ్ళమధ్య నలిపి, వాసన చూశాడు.

"లావెండర్" అన్నాడు. తర్వాత తలెత్తి, "ఈ బట్టలు ఎవరుతికారు?" అని అడిగాడు.

ఊరు ఊరంతా మా వదిన వైపు తిరిగింది. ఆమె చేతిలో ఫ్లాస్కు మూత ఉంది. అందులో వాననీళ్ళు నిండి పొర్లుతున్నా ఆమెకు తెలియడంలేదు.

వాడిని మా కోచ్ కారులో వేసుకుని ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళాం. డాక్టరు చిన్నవాడు, ఆదివారం కావడంతో ఒంటరిగా ఉన్నాడు. గ్వోజ్దెన్ రెప్పలు విప్పి నీళ్ళు ధారగా పోస్తూ, "కంట్లో ఏం పడింది?" అన్నాడు.

"బట్టల సబ్బు" అంది వదిన.

"ఆట ఆడుతుంటేనా? ఎక్కణ్ణుంచి పడింది?"

"జెర్సీలోంచి."

డాక్టరు నీళ్ళు పోయడం ఆపి మా ఇద్దరి వంకా చూశాడు. మా నోళ్ళ దగ్గర రేగుసారా వాసన. ఏమనుకున్నాడో, ఇంకేమీ అడగలేదు. అంతలో రదోయ్కా తలుపు నెట్టుకుని వచ్చింది. కొడుకు ముఖం చూసి, నేరుగా వదిన భుజం పట్టి గోడకేసి తోసింది.

"ఏం చేశావే నా బిడ్డని? ఊరికి ఉపకారం చేస్తున్నానని ఊరేగుతావే, ఇదేనా నీ ఉపకారం?"

చూపుకేమీ ముప్పులేదు, చుక్కలమందు వేస్తే నాలుగు రోజుల్లో ఎరుపు తగ్గుతుందని డాక్టరు చెప్పి, కనుబొమ్మకు కుట్లు వేశాడు. ఆట ఏమైందంటారా, రద్దు చేశారు. తర్వాత మళ్ళీ ఆడితే మేమే ఓడాం.

సాయంత్రం వదినా నేనూ తడి జెర్సీల మూట మోసుకుని ఇంటికొచ్చాం. వదినకింకా నమ్మకం కుదరలేదు. "ఎవరో కావాలని చేశారు లుబింకా. బట్టలు మార్చుకునే గదిలో ఎవరో ఏదో పోశారు. నేనుతికిన బట్టలు అలా చెయ్యవు."

"ఇప్పుడే తేలిపోతుంది. సబ్బు చుక్క కూడా వెయ్యకుండా తిప్పి చూద్దాం" అన్నాను.

ఇస్త్రీ చేసి పెట్టిన తువ్వాళ్ళు బీరువాలో కొన్నున్నాయి. జెర్సీల మీద వానలో ఏదో పడిందన్న వంక లేకుండా ఆ తువ్వాళ్ళే వేశాం, అవీ సగం మెషిన్‌కే. వేడినీళ్ళ మీట నొక్కి స్నానాలగదిలో పీటలు వేసుకుని కూర్చున్నాం. నీళ్ళు చేరాయి. డ్రమ్ము తిరిగింది. అద్దం అడుగున తెల్లటి గీత కనబడింది. చూస్తుండగానే అది అద్దం సగానికెక్కింది, తర్వాత అద్దమే కనబడకుండా పోయింది. పైన సబ్బు వేసే సొరుగు సందులోంచి నురగ ఉబ్బి, పాలు పొంగినట్టు ముందుకు కారింది.

వదిన నోటికి చెయ్యడ్డం పెట్టుకుంది. "నేనేమీ పొయ్యలేదు. చూశావుగా నువ్వు, నేనేమీ పొయ్యలేదు!"

"ఇప్పుడు పొయ్యలేదు వదినా. ఇన్నాళ్ళూ పోసిందే ఇది."

మా గొంతులు విని మా అన్నయ్య వుకోమాన్ గుమ్మంలోకొచ్చాడు. వస్తూ వస్తూ నడుము గోక్కుంటున్నాడు. వేసవి నుంచీ ఆయనకు ఒళ్ళంతా దురద. కారం పడటం లేదని వదిన తేల్చేసింది. ఊరంతా ఎర్రమిరపకాయలు కాల్చి చలికాలానికి పచ్చడి పెడుతుంటే, మా అన్నయ్య ఉడికిన బంగాళాదుంపలు తింటూ కిటికీలోంచి ఆ పొగ పీల్చుకుని బతుకుతున్నాడు.

వదిన ఆయన గోక్కుంటున్న చేతివంకే చూసింది. లేచి వెళ్ళి మంచం మీది దుప్పటి లాక్కొచ్చి, తొట్టిలో గోరువెచ్చని నీళ్ళలో ముంచి పిండింది. ఆమె వేళ్ళ సందుల్లోంచి నురగ వచ్చింది.

అన్నయ్య ఆ నురగను వేలితో ముట్టుకుని చూశాడు. "అంటే, నా ఒంటికి పడనిది పచ్చడి కాదన్నమాట?"

వదిన దుప్పటిని ఇంకోసారి ముంచి పిండితే మళ్ళీ నురగే వచ్చింది.

"ఇన్నాళ్ళూ బంగాళాదుంపలు తిన్నానే, కోసారా! ఉప్పు కూడా సరిగా లేని బంగాళాదుంపలు!"

ఆయన తొట్టి అంచు మీద కూలబడ్డాడు. వదిన ఆయన కళ్ళజోడు లాక్కుని డబ్బా వెనక రాసింది చదివింది. గట్టిగా చదువుతున్నకొద్దీ గొంతు తగ్గిపోయింది. మూత లోపల గీతలున్నాయట. మామూలు మురికికి అడుగుగీత వరకే. మరీ మురికైతే దానిపై గీత. అంచు అనేది కొలతే కాదు. పోయవలసింది బట్టల మీద కాదు, సొరుగులో రెండు అని రాసున్న అరలో. డ్రమ్ములో పైన చెయ్యి పట్టేంత ఖాళీ ఉంచాలట, లేకపోతే నీళ్ళు తిరగక సబ్బు బట్టల్లోనే నిలిచిపోతుందట. మూతను దీపం కింద పట్టుకుని చూశాం. ఊదారంగు మూతలో ఊదారంగు గీతలు. వేలితో తడిమితేగానీ తెలియవు.

మర్నాడు పొద్దున్నే వదిన జున్ను రొట్టె చేసి, నన్ను తోడు తీసుకుని రదోయ్కా ఇంటికి వెళ్ళింది. రదోయ్కా తలుపు సగమే తీసింది.

"ఏం, కళ్ళు పోయాయో లేదో చూడ్డానికొచ్చావా?"

"తిట్టు. తిట్టడానికే వచ్చాను" అంది వదిన. "తప్పు నాదే. ఎవరూ ఏమీ కలపలేదు. సబ్బు ఎక్కువ పోశాను."

లోపలి మంచం మీంచి గ్వోజ్దెన్ గొంతు వినిపించింది. "కోసారా పిన్నీ, నువ్వేనా? ఇంతకీ గోలు పడిందా?"

"బంతి లోపలికే వెళ్ళింది నాయనా. నువ్వే బయట ఉండిపోయావు" అన్నాను నేను.

వాడు నవ్వబోయి, కుట్లు లాగి, అబ్బా అన్నాడు. రదోయ్కా తలుపు పూర్తిగా తీసింది. రొట్టె అందుకుంది. ముఖం మాత్రం విప్పలేదు.

"ఎక్కువంటే ఎంత పోసేదానివి?"

"మూత నిండా. ఒక్కోసారి ఇంకో మూత."

"అందులో ఎక్కువేముంది? మూత నిండానే కదా పొయ్యాలి. మరి మూత ఇచ్చింది ఎందుకు?"

వదినా నేనూ స్నానాలగది వైపు చూశాం. రదోయ్కా మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. రొట్టె బల్ల మీద పెట్టి, స్నానాలగదిలోకి నడిచింది. వెనకే మేమూ వెళ్ళాం. కొయ్యకు తగిలించిన ఉతికిన తువ్వాళ్ళు రెండు మెషిన్‌లో వేసి, ఏమీ పోయకుండా మీట నొక్కింది. ముగ్గురం అద్దం ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాం.

నురగ రావడానికి ఎంతోసేపు పట్టలేదు.

రదోయ్కా అద్దం మీద చెయ్యి ఆనించింది.

"రాత్రి వాడి కళ్ళు ఈ తువ్వాళ్ళతోనే తుడిచాను, కోసారా. మంట తగ్గట్లేదంటే మళ్ళీ మళ్ళీ వీటితోనే తుడిచాను."

వదిన ఆమె చేతిని అద్దం మీంచి మెల్లగా తీసి తన ఒళ్ళో పెట్టుకుంది. నేను లేచి వంటింట్లోకి వెళ్ళి, పిల్లాడి ముఖం తుడవడానికి, ఉన్న సబ్బంతా వదిలిపోయేలా, ఒట్టి నీళ్ళలో మెత్తటి గుడ్డ వేసి మరిగించాను.