పాత బ్రాంచికి చేరని చీటీ

ఆసుపత్రుల్లో మందు సీసాల మీద లేబుళ్లు వేసే ఆ సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, ఎవరైనా బాగుచేయవచ్చు. బాగుచేసేవాళ్లు తలో ఊళ్లో ఉంటారు. వాళ్లు ఏం మార్చారో వాడేవాళ్లకు అర్థమయ్యేలా నోట్స్ రాసిపెట్టడం ఒకావిడ పని. అందుకే బృందంలో అందరూ ఆమెను నోట్సమ్మ అంటారు.

ప్రతి మార్పు వెంట, ఏం మారిందో చెప్పే ఒక చిన్న చీటీ ఫైలు రావాలి. కొత్త వెర్షన్ విడుదలైన రోజు చీటీలన్నీ వాడేవాళ్లు చదివే ఒక పేజీలోకి చేరతాయి, విడి ఫైళ్లు చెరిగిపోతాయి. పాత కంప్యూటర్లున్న చిన్న ఆసుపత్రుల కోసం పాత వెర్షన్ ఒక వేరు కొమ్మలా నడుస్తుంది, దాన్నే పాత బ్రాంచి అంటారు. ముఖ్యమైన మార్పులను అక్కడికీ మోసుకెళ్లాలి, చీటీతో సహా.

ఆ పూట పాత వెర్షన్‌కు అప్‌డేట్ విడుదలై గంటయింది. నోట్సమ్మ హాయిగా ఒళ్లు విరుచుకుంది. ఒక చిన్న ఆసుపత్రిలో మందులిచ్చే వదిన డ్యూటీకి బయలుదేరుతూ జడ వేసుకుంటోంది.

"మీ వాళ్ల అప్‌డేట్ వచ్చిందట. మా ఆసుపత్రిలో వేసుకోమన్నాను. దీంతోనైనా పిల్లల సిరప్ గోల తీరుతుందా తల్లీ?"

"ఏం గోల వదినా?"

"ఏమీ ఎరగనట్టు అడుగుతావేం! లేబుల్ మీద డోసు రెండింతలు పడుతుందిగా. ఏడాదిగా పెన్నుతో కొట్టేసి సగం రాస్తున్నాం. నిద్రలో లేపినా మా చేతులు సగం చేసేస్తాయి."

నోట్సమ్మ గబగబా విడుదల పేజీ తెరిచి చూసింది. ఆ తప్పును సరిచేసిన మార్పును పోయిన వారం పాత బ్రాంచికి తెచ్చింది తనే. అప్పటికే కొత్త వెర్షన్ విడుదలై చీటీ చెరిగిపోయింది. మార్పు ఒక్కటే వచ్చింది, పేజీలో దాని ఊసే లేదు. ఇప్పుడు సరిగ్గా పడిన డోసును కూడా వాళ్లు సగం చేస్తారు. జ్వరంతో ఉన్న పిల్లలకు సగం మందే అందుతుంది.

"వదినా, సగం చెయ్యొద్దని మీ వాళ్లకి చెప్పు. ఇప్పుడే!"

వదిన జడ వదిలేసి ఫోన్ అందుకుంది. నోట్సమ్మ ప్రాజెక్టు నడిపే పెద్దన్నకు ఫోన్ చేసింది.

"అన్నా, కొంప మునిగింది. తప్పు నాదే..."

అంతా విని ఆయన, "ఏడుపు తర్వాత. విడుదల వెనక్కి తీసేద్దామా?" అన్నాడు.

"వద్దన్నా. వేసుకున్నవాళ్లకి మళ్లీ పాత లెక్కొస్తే ఇంకా గందరగోళం. పేజీ మారేదాకా డౌన్‌లోడ్ ఆపండి చాలు."

పేజీ నెత్తిన రాసింది: 'పిల్లల సిరప్ డోసు ఇకపై సరిగ్గా పడుతుంది. చేత్తో సగం చేయకండి. ఈ మాట ముందే చెప్పకపోవడం నోట్స్ రాసే మనిషి తప్పు.'

రెండు నిమిషాల్లో పెద్దన్న చివరి వాక్యం దిద్దాడు: 'మా అందరి తప్పు.' మళ్లీ ఫోన్ చేశాడు. "నువ్వు తెచ్చిన మార్పు సరిచూడాల్సింది, చదవకుండా ఊ కొట్టింది మేం ముగ్గురం. తప్పంతా నీ ఒక్కదానికే కావాలని ఎందుకంత ఆశ?"

నోట్సమ్మకు నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి.

ఇంతలో వదిన వచ్చింది. "సగం అని రాసిన సీసాలు రెండు వెళ్లాయట. ఒకావిడ ఇంకా గేటు దగ్గరే ఉంది. ఇంకొకాయన దారిలోంచి వెనక్కొస్తున్నాడు. సరే, ఇంకెన్ని ఆసుపత్రులు?"

"నలభై ఒకటి. మెయిల్ పెట్టాను. కానీ మందులిచ్చేచోట మెయిల్ ఎవరు చూస్తారు?"

"ఎవరూ చూడరు. నేను చూస్తానా? ఇరవై నంబర్లు ఇటివ్వు. ఆలస్యంగా వస్తానని డ్యూటీలో చెప్పేశా." వదిన కుర్చీ లాక్కుని కూర్చుంది. "హలో, మందుల గదేనాండీ? చేతిలో పెన్నుంటే ముందది కింద పెట్టండి..."